కాలమును బట్టి ట్రాక్టరు టైర్ల ఎన్నిక, సంరక్షణము

ఎడ్లబండి కాలమున చక్రమును గూర్చి రైతునకు అంతగా విచారము లేకుండెను. వడ్రంగి చేసిన కొయ్యచక్రమునకు కమ్మరి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసి బిగించెనేని అది పెక్కేండ్లు నడిచెడిది. వానకాలమని, ఎండకాలమని ఆ చక్రమునకు భేదము లేదు. నేడు మన సారంగాపూర్ మండలమున దుక్కి మొదలుకొని ధాన్యము చేరవేయుట వఱకు పనులలో పెక్కు ట్రాక్టరు చక్రముల మీదనే నడచుచున్నవి. ఈ చక్రమునకు బలమిచ్చునది కొయ్య గాదు, ఇనుము గాదు. రబ్బరు సంచిలో బంధింపబడిన గాలి. ఆ గాలి ఎండకు వ్యాకోచించును, చలికి సంకోచించును. చేయు పని మాఱినప్పుడు దాని పరిమాణమును మార్చవలసియుండును. ఈ చిన్న సంగతిని ఉపేక్షించుట వలన ఐదాఱేండ్లు రావలసిన టైర్లు రెండుమూడేండ్లకే అరిగియు, పగిలియు పోవుచున్నవి. వెనుక టైర్ల జత కొనుటకు పోవు ధనము ఒక కారు పంట లాభమును మ్రింగివేయగలదు. అందుచే ఈ విషయమును పాఠరూపమున వ్రాయుచున్నాను.

శీతలదేశములలో చలికాలమునకు వేఱు టైర్లు, వేసవికి వేఱు టైర్లు ఉంచుకొనుదురు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పోయినప్పుడు వేసవి టైరు రబ్బరు బిఱుసెక్కి మంచుమీద పట్టు తప్పును. కావున అచ్చట మెత్తని రబ్బరుతో చలికాలపు టైర్లను ప్రత్యేకముగా చేయుదురు. మనకు అట్టి చలియు లేదు, మంచును లేదు. మన కాలభేదము వేఱు. మృగశిర మొదలు బురద. మాఘ ఫాల్గుణములలో పొడినేల, రాతితోవ. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను ఎండ. ఈ మూడింటికిని మూడు జతల టైర్లను కొనుట మనకు సాధ్యము గాదు, అవసరమును గాదు. ఉన్న జతలోనే గాలిని, నీటిని, బరువును కాలోచితముగ మార్చుకొనవలయును. ఈ పాఠమునకు సారమిదియే.

1. టైరు చేయు పని

గాలి నింపిన టైరునకు స్కాట్లండు దేశీయుడైన థామ్సను 1845 లోనే పేటెంటు పొందెను గాని అది ప్రచారమునకు రాలేదు. 1888 లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లపు, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపును తగ్గించుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు కట్టెను. మన యూళ్ళలో రబ్బరు చక్రముల ఎడ్లబండిని నేటికిని డన్లపు బండి యనుట ఆయన పేరు మీదుగా వచ్చినదే. ట్రాక్టర్లకు మాత్రము చాలకాలము ఇనుప చక్రములే యుండెను. 1932 లో అమెరికాలో ఆలిస్-ఛామర్స్ కంపెనీవారు గాలిటైర్లతో ట్రాక్టరును విక్రయించుటకు ఆరంభించిరి. ఇనుప చక్రము కంటె గాలిటైరు నేలను మెత్తగా త్రొక్కుననియు, తక్కువ ఇంధనముతో ఎక్కువ పని జరుగుననియు తెలిసిన పిమ్మట తక్కినవారును ఆ మార్గమునే అనుసరించిరి.

బరువును మోయునది రబ్బరు గాదు, లోపలి గాలియే. రబ్బరు, దానిలోని నైలాను పోగులు ఆ గాలిని పట్టియుంచు సంచి మాత్రమే. గాలి తక్కువైన యెడల సంచి ప్రక్కలు ప్రతి చుట్టునకు మడతపడి లేచును. ఇనుపతీగను మాటిమాటికి వంచి చూడుడు. వంచినచోట వేడెక్కి తుదకు తెగును. టైరు ప్రక్కలకును ఇదే గతి పట్టును. గాలి ఎక్కువైన యెడల టైరు నడిమి భాగము మాత్రమే నేలను తాకి అచ్చటనే అరుగును. పొలములో పట్టు చాలక చక్రము తిరుగుచునే యుండును, బండి కదలదు. పైగా టైరు నేలమీద వేయు ఒత్తిడి ఇంచుమించుగా లోపలి గాలి ఒత్తిడికి సమానముగా నుండును. కావున గాలి ఎక్కువగా నున్న టైరు తడిసిన రేగడినేలను గట్టిగా అణచివేయును. అట్లు అణగిన నేలలో పైరు వేళ్ళు లోతునకు దిగజాలవు.

2. టైరు నెన్నుకొనుట

టైరు ప్రక్కన నుండు అంకెలను చదువ నేర్చుకొనవలయును. 13.6–28 అని యున్న యెడల టైరు వెడల్పు 13.6 అంగుళములు, అది కూర్చుండు ఇనుప చక్రపు అడ్డకొలత 28 అంగుళములు. నడుమ అడ్డగీత యున్న పోగులు ఏటవాలుగా అల్లిన టైరనియు, ఆర్ అను ఆంగ్లాక్షరమున్న రేడియల్ టైరనియు గ్రహింపవలయును. పి.ఆర్. అను అక్షరముల ముందరి అంకె బరువు మోయు శక్తికి గుర్తు. లోపల అన్ని పొరలున్నవని దానికి అర్థము గాదు. ప్రక్కన నాలుగంకెలు గల యొక గుర్తు కూడ నుండును. అందు మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. 3523 అని యున్న అది 2023 వ సంవత్సరము 35 వ వారమున తయారైనది. దుకాణమున ఏండ్ల తరబడి పడియున్న రబ్బరు క్రొత్తదైనను ముదిరినదే. కావున ఈ అంకె చూడక వెల చెల్లింపరాదు.

వెనుక టైర్లలో ఆర్-1 అను రకము సామాన్య దుక్కికి, రోడ్డు పనికి తగినది. ఆర్-2 అను రకమునకు గట్లు మిక్కిలి ఎత్తుగా నుండును. వరి, చెఱకు పండించు బురదనేలలకై చేసినది. ఎవని ట్రాక్టరు సంవత్సరమున అధికభాగము మడిలోనే యుండునో వానికి రెండవది మేలు. ఎవడు ధాన్యమును, ఇసుకను, ఇటుకను రోడ్డుమీద ఎక్కువ దినములు తోలునో వానికి మొదటిదే మేలు. ఎత్తయిన గట్లు తారురోడ్డుమీద త్వరగా అరిగిపోవును. ప్రక్కవాని ట్రాక్టరునకున్నదని గాక తన పనిని లెక్కించి కొనవలయును.

ఒకే ఇరుసునకు ఒక ప్రక్క క్రొత్త టైరు, మఱియొక ప్రక్క అరిగిన టైరు వేయరాదు. చుట్టుకొలతలు వేఱగుటచే డిఫరెన్షియల్ పండ్లకు ఎడతెగని శ్రమ కలుగును. నాలుగు చక్రములకు శక్తి నిచ్చు ట్రాక్టర్లలో ముందు వెనుక టైర్ల కొలతలకు కంపెనీవారు నిర్ణయించిన లెక్క యుండును. ముందరి జత కొలత మార్చుట మఱింత హానికరము.

టైరు నెక్కించునప్పుడు దిక్కును చూడవలయును. ప్రక్కన బాణపు గుర్తు ముందునకు తిరుగు దిక్కును చూపును. ట్రాక్టరు వెనుక నిలిచి చూచినప్పుడు గట్ల కలయిక మొన పైకి చూపవలయును. అట్లున్న నడిమి మొన ముందుగా నేలను తాకి బురదను ఇరుప్రక్కలకు నెట్టివేయును. తలక్రిందుగా వేసిన యెడల బురద నడుమ చేరి టైరు నున్నని గుండువలె తిరుగును.

3. వానకాలము: బురద

నాట్లకు కరిగెట చేయు దినములలో కొందఱు రబ్బరు టైర్లను తీసి పూర్తి కేజ్‌వీళ్ళను వేయుదురు. కొందఱు టైర్ల ప్రక్కగా సగము కేజ్‌వీళ్ళను బిగింతురు. ఏది చేసినను మూడు సంగతులను మఱవరాదు.

మొదటిది: వెనుక టైర్లలో నీరున్న యెడల కరిగెటకు ముందు తీసివేయవలయును. దిగబడు మడిలో బరువు మనకు శత్రువు.

రెండవది: తీసిన టైర్లను వర్షములోను, ఎరువుల బస్తాల ప్రక్కనను పడవేయక, నీడలో నిలువుగా ఆనించి యుంచవలయును. డీజిలు, నూనె, యూరియా రబ్బరునకు హాని చేయును.

మూడవది: కేజ్‌వీళ్ళతో తారురోడ్డెక్కరాదు. రోడ్డు చీలుటయే గాక, ఇరుసునకు, బేరింగులకు దెబ్బ తగులును. ఇది శిక్షార్హమని అధికారులు పలుమాఱులు హెచ్చరించి యున్నారు. ఒక మడినుండి మఱియొక మడికి పోవుటకు రోడ్డు దాటవలసినచో కేజ్‌వీళ్ళను ట్రాలీలో నెక్కించుకొని పోవుట కొంత శ్రమయే గాని, ఊరివారందఱి డబ్బుతో వేసిన రోడ్డు అది.

రబ్బరు టైర్లతో బురదలో పని చేసినప్పుడు సాయంకాలము బురదను కడిగివేయవలయును. ఎండిన బురద గట్ల నడుమ రాతివలె గట్టిపడి, దానిలో దాగిన ముల్లు, గాజుపెంకు రోడ్డుమీదికి వచ్చునప్పటికి లోపలికి దిగును. మక్కకొయ్యలు, పత్తికట్టె మోళ్ళు, సర్కారుతుమ్మ ముళ్ళు మన టైర్లకు ప్రధాన శత్రువులు. పత్తికట్టెను మొదలంట తీయక మోళ్ళు నిలిపిన చేనిలో టైరు నడుపుట మేకుల మీద నడుపుటయే యగును.

4. యాసంగి: పొడిదుక్కి

పొడినేలలో నాగలి లాగునప్పుడు ట్రాక్టరునకు బరువు కావలయును. ఇందులకై వెనుక టైర్లలో నీరు నింపుదురు. గాలి వాల్వు పైకి వచ్చునట్లు చక్రమును త్రిప్పి, వాల్వు మట్టము వఱకు నీరు పోసిన యెడల టైరులో నాలుగింట మూడువంతులు నిండును. తక్కిన వంతు గాలికి విడువవలయును. అదియు నింపిన యెడల కుదుపును మ్రింగుటకు చోటుండదు. 13.6–28 టైరులో 150 లీటర్లకు పైగా పట్టును. అనగా ప్రతి చక్రముమీద 150 కిలోలకు పైగా బరువు పెరుగును. శీతలదేశములలో ఈ నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడను లవణమును కలుపుదురు. మనకు ఆ యక్కఱ లేదు; లవణము ఇనుప చక్రమును తినివేయును గావున మంచినీరే వాడుడు.

బరువు సరిపోయినదా లేదా యని తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. వెనుక టైరుమీద సున్నముతో గీత గీయుడు. నాగలి నేలలో దించి దున్నుచు చక్రము పది చుట్లు తిరిగినంత దూరమును రెండు కట్టెలు పాతి గుర్తుంచుకొనుడు. పిదప నాగలి నెత్తి అదే దూరము నడిపి చుట్లు లెక్కపెట్టుడు. ఎనిమిదిన్నర చుట్లు వచ్చినచో, జాఱుడు నూటికి 15 అని యర్థము. దుక్కిలో నూటికి 10 మొదలు 15 వఱకు జాఱుడు తగినదే. అంతకు మించినచో బరువు చాలదు, లేదా టైరు అరిగినది. జాఱుడు నూటికి 30 అయినచో పది గంటలు నడిచిన ట్రాక్టరు ఏడు గంటల దూరమే పోయినట్లు. మూడు గంటల డీజిలు, రబ్బరు నేలపాలు. జాఱుడు మిక్కిలి తక్కువైనచో బరువు అధికమై యింజనునకు, గేరులకు శ్రమ కలుగుచున్నదని గ్రహింపవలయును.

పొలము పనికి వెనుక టైర్లలో సాధారణముగా చదరపుటంగుళమునకు 12 మొదలు 14 పౌన్లు, మన దుకాణముల మాటలో 12 మొదలు 14 పాయింట్లు గాలి చాలును. రోడ్డుమీద బరువు లాగునప్పుడు 18 మొదలు 20 వఱకు పెంచవలయును. టైరు కొలతను బట్టి ఇది కొంత మాఱును గావున ట్రాక్టరుతో నిచ్చిన చిన్న పుస్తకమున వ్రాసిన అంకెయే తుది ప్రమాణము. పొలమునుండి రోడ్డునకు వచ్చినప్పుడు ఆ నాలుగైదు పాయింట్లు పెంచకపోవుటయే వెనుక టైర్ల ప్రక్కలు పగులుటకు ముఖ్యకారణము.

5. ఎండకాలము: రోడ్డు, బరువు, వేడి

యాసంగి వరికోతలు, చల్‌గల్ మార్కెట్టునకు మామిడికాయల రవాణా, కొనుగోలు కేంద్రములకు ధాన్యము తోలుట యనునవి ఇంచుమించుగా ఒకే కాలమున వచ్చును. ఎండ 45 డిగ్రీలు దాటు దినములును అవియే. తారురోడ్డు గాలికంటె ఇంకను వేడిగా నుండును. పసుపు కూడ అంతకు కొంచెము ముందుగానే మెట్‌పల్లి, నిజామాబాదు మార్కెట్లకు దూరప్రయాణము చేయును. ట్రాలీ టైరునకు ఇది అగ్నిపరీక్ష.

ఉదయము 25 డిగ్రీల చల్లదనమున 30 పాయింట్ల గాలి పట్టిన టైరు, పరుగున 65 డిగ్రీల వేడికి వచ్చినప్పుడు లోపలి ఒత్తిడి ఇంచుమించు 36 పాయింట్లగును. ఇది చూచి కొందఱు మధ్యాహ్నము త్రోవలో గాలి తీయుదురు. ఇది తప్పు. తీసిన గాలి చల్లబడిన తరువాత తిరిగిరాదు. మఱునాడు అదే టైరు గాలి చాలక ఎక్కువ మడతపడి, ఎక్కువ వేడెక్కి పగులును. గాలిని సూర్యోదయవేళ, బండి కదలకముందు, టైరు చల్లగా నున్నప్పుడు మాత్రమే కొలువవలయును. పెరుగు నంతటిని తట్టుకొనునట్లే టైరు చేయబడినది. తట్టుకొనలేనిది అధికభారము, తక్కువ గాలి, అతివేగము కలిసిన వేడి.

ట్రాలీలకు పెక్కుమంది లారీలనుండి తీసిన పాత టైర్లను వేయుదురు. వెల తక్కువ గావున ఇది పూర్తిగా నిషేధింపదగినది గాదు. అయినను కొనునప్పుడు లోపలి ప్రక్కను చేతితో తడవి చూడవలయును. లోపల పోగులు తేలినచో, ప్రక్కన ఉబ్బు కన్పడినచో, నిలువుగా చీలికలున్నచో, ఎంత చవుకయైనను కొనరాదు. పైభాగమున క్రొత్త రబ్బరు అతికించిన టైరు ట్రాలీకి పనికివచ్చును గాని ట్రాక్టరు ముందు చక్రమునకు పనికిరాదు. దిశ తప్పించునది ఆ చక్రమే.

పని లేని దినములలో ట్రాక్టరును వేపనీడలోనో, కొట్టములోనో నిలుపవలయును. నెలల తరబడి కదలని ట్రాలీ ఇరుసు క్రింద కొయ్యదిమ్మె లుంచి టైర్లకు బరువు తగ్గింపవలయును. ఒకేచోట నిలిచి ఎండిన టైరు అచ్చటనే చీలును.

6. ప్రాణరక్షణము

టైరు నష్టము ధనముతో తీరును; ప్రాణనష్టము తీరదు. కావున ఈ నియమములను ఇంటిలోని పిల్లలకు, జీతగాండ్రకు కూడ చదివి వినిపింపుడు.

టైరు బిగియున్న ఇనుప చక్రమునకు వెల్డింగు చేయింపరాదు. గాలి తీసినను సరియే, చేయింపరాదు. వేడికి లోపలి రబ్బరు నుండి పుట్టు వాయువులు మండి, టైరు బాంబువలె ప్రేలును. టైరును పూర్తిగా విప్పిన తరువాతనే వెల్డింగు.

క్రొత్తగా నెక్కించిన ట్రాక్టరు టైరునకు గాలి పట్టునప్పుడు ఎదుట నిలువరాదు, ప్రక్కగా నిలువవలయును. అంచు చక్రమున సరిగా కూర్చుండలేదని 35 పాయింట్లు మించి గాలి పట్టరాదు. గాలి తీసి, అంచునకు సబ్బునీరు రాచి మరల ప్రయత్నింపవలయును.

ట్రాలీ ధాన్యమునకు, మనుష్యులకు గాదు. 2018 జూన్ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద పొలము పనికి పోవు కూలీల ట్రాక్టరు మూసీకాలువలో బోల్తాపడి పదునైదుగురు మరణించిరి. వారిలో దాదాపుగా అందఱును స్త్రీలే. అది టైరు లోపము వలన జరిగినదని నేను చెప్పుట లేదు. బండికి ఏ కారణమున ఆపద వచ్చినను ట్రాలీలో కూర్చున్నవారికి పట్టుకొనుటకు ఆధారము లేదని చెప్పుచున్నాను. మన కాలువగట్ల తోవలును అట్టివే. నాట్లకు పోవు ఆడువారిని, శివరాత్రికి పెంబట్ల దుబ్బరాజన్న జాతరకు పోవు కుటుంబములను ట్రాలీలో నెక్కించుకొనకుండుట యజమానుని ధర్మము.

కారు, మోటారుసైకిలు గల సభ్యులకు ఒక మాట. వానకాలమున రోడ్డుమీది నీటిని ప్రక్కలకు పంపునవి టైరు గాడులే. కారు టైరు గాడి అడుగున చిన్న మిట్టలుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి ఆ మిట్టతో సమానమైన యెడల ఆ టైరు కాలము తీరినట్లే. నున్నబడిన టైరు నీటిమీద పడవవలె తేలును. బ్రేకు వేసినను నిలువదు.

7. సంఘము చేయదగిన పని

లారీ టైర్లకు వాడు గాలికొలత పరికరము 12, 14 వంటి తక్కువ అంకెలను సరిగా చూపదు. తక్కువ ఒత్తిడికై చేసిన పరికరము వేఱుగా దొఱకును. ఒక్కొక్క రైతు కొననక్కఱలేదు. ప్రతి సహకార సంఘమును తన గోదాములో అట్టి పరికరము నొకటి, గాలి పట్టు యంత్రము నొకటి ఉంచి, ఉదయము ఆఱు గంటలనుండి ఎనిమిది గంటల వఱకు సభ్యులకు అందుబాటులో నుంచిన యెడల సంవత్సరమున ఎన్నో టైర్లు నిలుచును. ఎరువులు, విత్తనములు కలిసి కొనునట్లే టైర్లను కూడ కలిసి కొనవచ్చును. పదిమంది కలిసి అడిగినప్పుడు తయారీ తేదీ క్రొత్తదిగా నున్న సరుకును దుకాణదారుడు తెప్పించును.

ఇంటివద్ద చేయదగినది ఇంకను సులభము. వారమున కొకమాఱు చల్లనివేళ గాలి చూచుట, వాల్వు మూత లున్నవో లేవో చూచుట, చక్రపు నట్లు బిగించుట, గట్ల నడుమ దిగిన ముళ్ళను, మేకులను తీయుట. నాలుగు చక్రములకును కలిపి పావుగంట పట్టును.

పాఠమును మననము చేసికొనుటకు ప్రశ్నలు

1. మీ వెనుక టైరు తయారైన వారమును, సంవత్సరమును చెప్పగలరా? వెళ్ళి చూచి వ్రాసికొనుడు.

2. కరిగెటకు పోవుటకు ముందు టైరులోని నీటిని ఎందులకు తీయవలయును? దుక్కికి మరల ఎందులకు నింపవలయును?

3. పది చుట్ల దూరము నాగలి ఎత్తి నడిపినప్పుడు ఏడు చుట్లే వచ్చినచో జాఱుడు ఎంత? ఏమి చేయవలయును?

4. మధ్యాహ్నము ఎండలో గాలి ఎక్కువగా కన్పట్టినచో తీయవచ్చునా? తీసినచో మఱునాడు ఏమగును?

5. మీ ట్రాలీలో కడపటిసారి మనుష్యులు ఎప్పుడు కూర్చుండిరి? ఇకముందు వారిని పొలమునకు చేర్చుటకు ఏ యేర్పాటు చేయుదురు?

చివరి ప్రశ్నకు సమాధానమును సంఘ సమావేశమున కలిసి ఆలోచింప ప్రార్థన.

— వ్యవసాయ ప్రదర్శకుడు